బస్సు వచ్చాక అడగండి

(భవానీపురంలో ఇచ్చిన స్మారక ఉపన్యాసానికి అచ్చుపాఠం)

సాయంత్రం పూట ఇంతమంది కుర్చీల్లో కూర్చుని రవాణా గురించి వినడానికి వచ్చారంటే, బయట హైవే మీద కదలకుండా నిలబడ్డ లారీలకు నేను కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఈ ఉపన్యాసం ఒక ఆర్టీసీ కండక్టరు గారి జ్ఞాపకార్థం ఏర్పాటైంది. ఆయన పేరు కరపత్రంలో వేయొద్దనీ, చేసిన ఉద్యోగం పేరు చాలుననీ ఇంట్లోవాళ్ళు కోరారు. స్మారకోపన్యాసాలు మన దగ్గర మంత్రుల పేరు మీదా, వైస్ చాన్సలర్ల పేరు మీదా, మిల్లు యజమానుల పేరు మీదా ఉంటాయి. భుజాన తోలుసంచి, చేతిలో టికెట్ల ట్రే పట్టుకుని నిలబడి బతుకు వెళ్ళదీసిన మనిషి పేరు మీద మాట్లాడమంటే రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను. నేను పిల్లలకు చెప్పింది అర్థశాస్త్రం. ఒక వస్తువుకు జనం ఎంత ఇస్తారన్న ప్రశ్న మీద మా శాస్త్రంలో పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నాయి. కానీ టికెట్ మీద రెండు రూపాయలు పెరిగితే ఏ స్టేజీలో జనం తగ్గుతారో, కాలేజీ వదిలే వేళకు బస్సు అయిదు నిమిషాలు ముందే వెళ్ళిపోతే మర్నాటి నుంచి ఎంతమంది పిల్లలు ఆటో ఎక్కుతారో, ఆ పుస్తకాలు రాసినవాళ్ళకంటే కండక్టరుకు బాగా తెలుసు.

నిర్వాహకులు ఇచ్చిన అంశం ఇది: పర్యావరణానికి మేలు చేసే నగర రవాణాకు ప్రజలు డబ్బు ఇస్తారా, ఇస్తే ఎంత? నా జవాబు ముందే చెప్పేస్తాను. విజయవాడ జనం ఇప్పటికే చాలా ఇస్తున్నారు. వాళ్ళ చేతిలోంచి డబ్బు రాకపోవడం అన్నది మన సమస్య కాదు. ఆ డబ్బుకు బదులు ఏమొస్తుందో, ఎన్ని గంటలకు వస్తుందో చెప్పి, చెప్పినట్టు తెచ్చే నాథుడు లేకపోవడం అసలు సమస్య. ఇంకో సంగతి, ఈ ప్రశ్న ఎప్పుడూ అడగకూడని మనిషినే అడుగుతున్నారు.

మన రోడ్డునే చూడండి. పడమటి వైపు విజయవాడకు ఒక పక్క కొండ, ఒక పక్క కృష్ణ. మధ్యలో సన్నటి సందు. ఆ సందులోంచే హైదరాబాదు హైవే, దుర్గ గుడి భక్తులు, వన్‌టౌన్ హోల్‌సేల్ సరుకు, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం ఉద్యోగులు అందరూ రావాలి. ఆ ఇరుకు తీర్చడానికి కనకదుర్గ ఫ్లైఓవర్ కట్టారు. 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. ఆరు లేన్లు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు, సుమారు 500 కోట్ల ఖర్చు. కట్టక ముందు ఎవరైనా మీ తలుపు కొట్టి, ఈ ఫ్లైఓవర్‌కు మీ కుటుంబం నెలకు ఎంత ఇస్తుందని అడిగారా? కట్టాక దాని మీద టోల్ పెట్టారా? అడగలేదు, పెట్టలేదు. సరే, మంచిదే. కానీ బస్సుల మాట వచ్చేసరికి మాత్రం ఒక సర్వే వస్తుంది, ఒక ప్రశ్నాపత్రం వస్తుంది, పర్యావరణం కోసం అదనంగా ఎంత చెల్లించగలరు అన్న ప్రశ్న వస్తుంది. కారుకు దారి వేసేటప్పుడు అది అభివృద్ధి. బస్సు కొనేటప్పుడు అది జనం భరించాల్సిన భారం. ఈ తేడా ఎక్కడిదో నాకు అంతుబట్టదు.

జనం ఇప్పటికే ఏమేం ఇస్తున్నారో చూద్దాం. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్ వేసింది. బంకులో ట్యాంకు నింపించుకునే ప్రతివాడూ అది కడుతున్నాడు. 2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ టికెట్ల మీద డీజిల్ సెస్ వచ్చింది. పల్లెవెలుగుకు రూ.2, ఎక్స్‌ప్రెస్‌కు రూ.5, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు రూ.10. పల్లెవెలుగులో కనీస టికెట్ రూ.10 అయింది. జూలైలో దూరాన్ని బట్టి మళ్ళీ పెంచినప్పుడు విజయవాడ, విశాఖపట్నం సిటీ బస్సులను మినహాయించారు, బందరు నుంచి, నూజివీడు నుంచి పనికొచ్చేవాళ్ళను మినహాయించలేదు. ఆ టికెట్‌ను ఒకసారి ఆలోచించండి. బస్సెక్కి ఊరికి మేలు చేస్తున్న మనిషి దగ్గర, బస్సు పొగ వదిలే నూనె ఖరీదు పెరిగిందని అదనపు డబ్బు వసూలు చేశాం. పర్యావరణానికి డబ్బు ఇస్తారా అని అడిగే ముందు, కాలుష్యానికి డబ్బు ఇచ్చినవాళ్ళలో ముందు నిలిచింది ఈ బస్సు ప్రయాణికుడేనని ఒప్పుకోవాలి.

ఆటోవాళ్ళ సంగతీ చెప్పాలి. రాష్ట్రంలో సీఎన్‌జీ ముందుగా వచ్చిన ఊళ్ళలో మనది ఒకటి. భాగ్యనగర్ గ్యాస్ వాళ్ళు హైదరాబాదుతో పాటు విజయవాడలోనూ సరఫరా పెట్టారు, ఆటోలూ సిటీ బస్సులూ గ్యాస్‌కు మారాయి. గ్యాస్ బంకు ముందు గంటలకొద్దీ క్యూలో నిలబడి మరీ ఆటోవాళ్ళు ఆ మార్పును మోశారు. ఏ ఆటోవాడూ గాలి శుభ్రం కావాలని మారలేదు, కిలోమీటరుకు ఖర్చు తగ్గుతుందని మారాడు. దీన్ని కొందరు తక్కువగా చూస్తారు. నాకైతే ఇందులో తప్పేమీ కనబడదు. మంచి పని లాభసాటి కూడా అయితే దాని మీద ఉపన్యాసాలు అక్కర్లేదు.

అదే మాట తిరగేస్తే ఎలక్ట్రిక్ స్కూటర్ల కథ. కేంద్రం ఫేమ్ పథకం రెండో విడతలో ఇచ్చే రాయితీని 2023 జూన్ 1 నుంచి బాగా కోసింది. అంతకుముందు బండి ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితి 15 శాతానికి దిగింది. ఆ మే నెలలో దేశమంతటా లక్షకు పైగా అమ్ముడైన ఈ బళ్ళు, జూన్‌లో సగానికి కింద పడ్డాయి. మే 31న ఉన్న పర్యావరణ ప్రేమ జూన్ 1న ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. దానికి ఉన్న ధర అంతే. పైగా మన ఊళ్ళో 2022 ఏప్రిల్‌లో ఒక ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి ఒక ప్రాణం పోయింది. ఆ వార్త విన్న తల్లి తన కొడుక్కు ఆ బండి కొనిపెట్టడానికి వెనకాడితే, ఆమెకు పర్యావరణ స్పృహ లేదని ఏ సర్వే అయినా రాసుకుంటే అది అన్యాయం.

ఇక మా శాస్త్రం వైపు కాసేపు. జనం ఎంత ఇస్తారన్నదాన్ని బట్టి విలువ కట్టే ఆలోచనకు ఆద్యుడు ఒక ఇంజనీరు. ఫ్రాన్స్‌లో జూల్ దుప్యుయి అనే రోడ్లు, వంతెనల ఇంజనీరు 1844లో ఒక వ్యాసం రాశాడు. ఒక వంతెన వల్ల జనానికి కలిగే ప్రయోజనాన్ని అక్కడ వసూలయ్యే టోల్‌తో కొలవకూడదన్నాడు. దాటేవాళ్ళలో ఒక్కొక్కరూ దాని కోసం ఎంత దాకా ఇవ్వడానికి సిద్ధమో అదంతా కలిపితే వచ్చేదే ఆ వంతెన విలువ. టోల్ పెంచితే కొందరు దాటడం మానేస్తారు, వాళ్ళకు పోయిన ప్రయోజనం ఏ పద్దులోనూ కనబడదు. మన కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో, అంటే అందరూ ఒకే కాలం మనుషులు, ఆనకట్ట కట్టించినవాళ్ళూ, ఆ లెక్క కట్టినాయనా. దుప్యుయి 1849లో ఇంకో మాట రాశాడు, అది నాకు ఇంకా ఇష్టం. రైల్లో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడం కప్పు ఖర్చు భరించలేక కాదట. రెండో తరగతి టికెట్ కొనగలిగినవాడు మూడో తరగతికి రాకుండా భయపెట్టడానికట. పేదవాడికి నొప్పి కలిగించాలని కాదు, డబ్బున్నవాడిని జడిపించాలని, కానీ తడిసేది మాత్రం పేదవాడే. మన సిటీ ఆర్డినరీ బస్సు మెట్లు, కిటికీలు, సీట్ల మధ్య సందు చూసినప్పుడల్లా ఆ ఫ్రెంచి ఇంజనీరు గుర్తొస్తాడు.

ఆ ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలనూ మోశాయి. బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీద గోదావరి వైపూ, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీద మద్రాసు వైపూ సరుకు వెళ్ళేది. పొగ లేదు, చప్పుడు లేదు. పడవల రేవు, ఏలూరు లాకులు, బందరు లాకులు ఇప్పటికీ మన అడ్రసుల్లో ఉన్నాయి. అవి పచ్చటి రోజులని ముచ్చటపడేవాళ్ళు, గట్టు మీద పడవ తాడు భుజానికి వేసుకుని లాగినవాళ్ళ సంగతి కూడా తలచుకోవాలి. రైలొచ్చాక, తరువాత లారీ వచ్చాక, పడవ చవకైనా సరే జనం వదిలేశారు. వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్నది సమయం. వందేళ్ళ కిందటి మన తాతల లెక్క ఇవాళ్టికీ మారలేదు. కీసర టోల్‌గేటు దగ్గర కట్టే డబ్బూ ఆ సమయానికే, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేస్తే తిట్టుకుంటూనే అందరూ అంటించుకున్నదీ ఆ సమయానికే.

ఎంత ఇస్తారని నోటితో అడిగి లెక్క తేల్చే పద్ధతి ఒకటుంది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ కంపెనీ నౌక నుంచి చమురు సముద్రంలో కలిసినప్పుడు, పాడైన సముద్రానికి విలువ ఎంత అని తేల్చడానికి ఆ పద్ధతి పనికొస్తుందా అన్న తగాదా వచ్చింది. అమెరికా ప్రభుత్వం కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షతన నిపుణుల సంఘం వేసింది. ఇద్దరూ నోబెల్ గ్రహీతలు. 1993లో వాళ్ళు చెప్పిందేమిటంటే, మీరు ఎంత ఇస్తారు అని ఊరికే అడగొద్దు, ఆ జవాబు నమ్మదగినది కాదు. ఫలానా పనికి, ఫలానా మొత్తం, మీ పన్నులో కలుస్తుంది, అవునా కాదా అని ఓటు అడిగినట్టు అడగండి. ఇంట్లో ఇంకే ఖర్చులు ఉన్నాయో గుర్తు చేసి అడగండి.

నోబెల్ గ్రహీతలు చెప్పాల్సినంత పెద్ద మాటేమీ కాదు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు కట్నం ఎంతిస్తారని అడిగితే, అబ్బాయి ఎవరని అవతలివాళ్ళు ముందు అడుగుతారు.

అడిగే వేళ కూడా ముఖ్యం. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 2005 ఫిబ్రవరిలో, ఊళ్ళోకి వచ్చే వాహనాల మీద రుసుము వేద్దామా అని ముందుగా ఓటింగ్ పెట్టారు. నూటికి డెబ్భై నాలుగు మంది వద్దన్నారు, ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోం వాళ్ళు వరస మార్చారు. 2005 ఆగస్టులో అదనపు బస్సులు వేశారు. 2006 జనవరి నుంచి జూలై దాకా రుసుము వసూలు చేసి చూపించారు. ట్రాఫిక్ అయిదో వంతు తగ్గింది. ఆ తరువాత జూలై ఆఖరున రుసుము ఆపేసి, సెప్టెంబరులో ఓటు అడిగారు. అంతకుముందు ఎక్కువమంది వ్యతిరేకించిన నగరమే ఒప్పుకుంది. 2007లో శాశ్వతం చేశారు. రెండు ఊళ్ళ మనుషుల్లో పెద్ద తేడా లేదు. ఒకచోట కాగితం చూపించి అడిగారు, ఒకచోట బస్సు చూపించి అడిగారు.

మనకు ఏం చూపించారు? జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో వచ్చిన పట్టణ పథకం కింద విజయవాడకు బీఆర్‌టీఎస్, అంటే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ వ్యవస్థ, మంజూరైంది. బస్సులకు ప్రత్యేకంగా లేన్ ఉంటుంది, మెట్రో రైలంత వేగంగా పోవచ్చు అన్నారు. ఇవాళ సత్యనారాయణపురం వైపు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, ఆటోవాడికి చెప్తే తీసుకెళ్తాడు. ఆ మొదటి అక్షరాల్లో ఉన్న బస్సుకు మాత్రం ప్రత్యేకమైన దారి నిలవలేదు. ఆ తరువాత మెట్రో. 2015 నాటికే ఢిల్లీ మెట్రో సంస్థ నివేదిక తయారుచేసింది. బస్టాండు నుంచి పెనమలూరు ఒక దారి, నిడమానూరు ఒక దారి. అది నిలిచిపోయింది. 2024లో మళ్ళీ కొత్త నివేదిక, తొలి దశ 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. ఒక దారి గన్నవరం వైపు, ఒకటి పెనమలూరు వైపు. తొలి దశ పటంలో భవానీపురం లేదు. ఉండాలని నేను వాదించను కూడా. కిలోమీటరుకు 286 కోట్ల పైమాటే. ఎలక్ట్రిక్ బస్సు ఖరీదు కోటిన్నర అనుకున్నా, ఆ ఒక్క కిలోమీటరు డబ్బుతో సుమారు రెండు వందల బస్సులు వస్తాయి. గన్నవరం వాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు, వాళ్ళకు విమానాశ్రయం ఎలాగూ ఉంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు. 2023 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో మన రాష్ట్రానికి 750, అందులో విజయవాడకు 100 కేటాయించారు. పన్నెండు మీటర్ల బస్సు తిరిగే ప్రతి కిలోమీటరుకూ కేంద్రం రూ.24 సాయం చేస్తుంది. బస్సు నడిపేది ప్రైవేటు కంపెనీ, దానికి కిలోమీటరు లెక్కన చెల్లించాలి, మిగతా భారం రాష్ట్రానిది. ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. బస్సు నిండినా ఖాళీగా తిరిగినా కిలోమీటరు డబ్బు కట్టాల్సిందే. కాబట్టి నింపడం తెలియకపోతే మనం విద్యుత్తు బస్సును కాదు, తిరిగే ఖాళీ సీట్లను కొంటాం. తిరుపతిలో 2022 సెప్టెంబరులో మొదలైన వంద ఎలక్ట్రిక్ బస్సులకు ఆ బెంగ లేదు, కొండకు వెళ్ళే జనం ఎప్పుడూ ఉంటారు. సింగ్‌నగర్‌లో, భవానీపురంలో ఆ హామీ వేంకటేశ్వరస్వామి ఇవ్వడు, డిపో మేనేజరు ఇవ్వాలి.

ఇంధనం గురించి ఒక మాట చెప్పకపోతే ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినవాళ్ళు ఊరుకోరు. ఎలక్ట్రిక్ బస్సు పొగ వదలదు నిజమే. ఢిల్లీలో అయితే ఆ కరెంటు ఎక్కడో దూరాన తయారవుతుందని సరిపెట్టుకోవచ్చు. మన కరెంటు పొగగొట్టం మన రోడ్డు చివరనే ఉంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది, బూడిద లారీలు ఈ హైవే మీదే తిరుగుతాయి. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితాలో విజయవాడ ఉంది. అందుకని నా లెక్కలో పర్యావరణానికి మేలు చేసేది ఇంధనం పేరు కంటే ముందు సీట్ల లెక్క. నిండుగా పోయే పాత డీజిల్ బస్సు నలభై బళ్ళను రోడ్డు మీంచి తప్పిస్తుంది. పదిమందితో పోయే కొత్త ఎలక్ట్రిక్ బస్సు ఆ పని చేయదు. నిండుగా పోయే ఎలక్ట్రిక్ బస్సు దొరికితే ఇక వాదనే లేదు.

మరి బండివాడు బస్సెందుకు ఎక్కడు? లెక్క వేసి చూడండి. భవానీపురం నుంచి బెంజ్ సర్కిల్ ఏడెనిమిది కిలోమీటర్లు. లీటరు పెట్రోలు నూట పదికి దగ్గర, స్కూటర్ లీటరుకు నలభై అయిదు ఇస్తుందనుకుంటే పోయి రావడానికి నలభై రూపాయల లోపు. మొగుడూ పెళ్ళామూ కలిసి వెళ్ళినా అదే నలభై, ముందు పిల్లాణ్ణి నిలబెట్టుకున్నా అదే నలభై. బస్సు తలకొక టికెట్ కొడుతుంది, బండి ప్రయాణానికి ఒక్కసారే కొడుతుంది. బండి కొన్న వాయిదాలు ఎలాగూ కట్టాలి కనుక అవి ఆ రోజు లెక్కలోకి రావు. ఈ పద్దులో బస్సు ఓడిపోవడానికి పర్యావరణ స్పృహతో పని లేదు. బస్సు గెలవాలంటే రెండే దార్లు. టికెట్ భారం దించాలి, లేదా బండికి లేని సౌకర్యం ఇవ్వాలి.

మొదటి దారి ప్రభుత్వం తొక్కింది. 2025 ఆగస్టు 15న విజయవాడలోనే స్త్రీశక్తి పథకం ప్రారంభమైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఉచితం మీద చాలామంది చదువుకున్నవాళ్ళకు మంట ఉంది. నాకు లేదు. ఇంతకాలం ఎన్ని ప్రయాణాలు ఆగిపోయాయో దీంతో తెలిసింది, దుప్యుయి చెప్పిన పద్దుల్లో కనబడని ప్రయోజనం అదే. ఆయాగా పనిచేసే ఆవిడ, పాలిక్లినిక్ నర్సు, డిగ్రీ చదివే అమ్మాయి, వీళ్ళ జేబులో మిగిలిన డబ్బు వీళ్ళదే. కానీ ఉచితమైనా బస్సులు పెరగకపోతే జరిగేది మనకు తెలుసు. సీటు దొరకని మగవాడు బండి తీస్తాడు. 2013 నుంచి నగరవాసులకు టికెట్ తీసేసిన ఎస్తోనియా రాజధాని టాలిన్‌లోనూ కార్ల వాళ్ళ కంటే, అంతకుముందు నడిచేవాళ్ళు బస్సుల్లోకి వచ్చారని పరిశీలకులు చూశారు. ఉచితం పేదవాడికి న్యాయం. కారువాణ్ణి కదిలించే శక్తి దానికి లేదు.

రేటు పెంచితే ఏమవుతుందో హైదరాబాదు చూపించింది. 2025 మే 17న మెట్రో చార్జీలు కనీసం రూ.12, గరిష్ఠం రూ.75 చేశారు. జనం గొడవ చేసేసరికి వారం తిరక్కుండా పది శాతం తగ్గించి 11, 69 అన్నారు. అక్కడ రద్దీ వేళల్లో రైలు మూడు, నాలుగు నిమిషాలకొకటి వస్తుంది, ఏసీ ఉంటుంది, టైము ఖాయం. అంత ఇచ్చినచోటే జనం మాటకు మాట అన్నారు. ఏమీ ఇవ్వనిచోట ఏమంటారో వేరే చెప్పాలా?

జనం మాట ఎలా వినాలన్న దాని మీద మా జిల్లాకు సంబంధించిన ఒక పాత కేసు ఇక్కడ చెప్పాలి, లాయర్లకు బాగా తెలిసిందే. ఆర్టీసీ పుట్టింది 1958 జనవరిలో. కృష్ణా జిల్లా రూట్లు జాతీయం చేస్తామంటే ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని హోంశాఖ కార్యదర్శి విన్నారు, నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే అది విచారణే కాదని కోర్టు 1958 నవంబరులో కొట్టేసింది. రెండోసారి సరిగా విచారించాక ప్రభుత్వమే నెగ్గింది, అది వేరే సంగతి. ఇవాళ్టి సర్వేలన్నీ ఆ మొదటి విచారణ లాంటివే. ప్రయాణికుడి మాట వినేది ఒక కన్సల్టెన్సీ కుర్రాడు. తేల్చేది సచివాలయం. 2025 జూలైలో గవర్నర్‌పేటలోని ఆర్టీసీ పాత డిపోల స్థలం, నాలుగెకరాల పైచిలుకు, షాపింగ్ మాల్‌కు ఇవ్వాలని నిర్ణయించి, బదులుగా గొల్లపూడిలో చూపించినప్పుడు ఏ ప్రయాణికుణ్ణీ ఎవరూ ప్రశ్నాపత్రంతో కలవలేదు. ఊరి నడిబొడ్డున డిపో ఉంటే ఖాళీ బస్సు తిరిగే దూరం తగ్గుతుంది. ఆ దూరానికీ డబ్బు కట్టాలి కదా.

జనం ఇప్పటికే ఇస్తున్న లెక్కలో వరద కూడా ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచినప్పుడు ఈ పక్క వీధుల్లో మునిగిన బళ్ళు మీకు గుర్తే. ఆ బండి మళ్ళీ స్టార్ట్ కావడానికి ఒక్కో ఇల్లు మెకానిక్కు వేలల్లో పెట్టింది. అదంతా వాతావరణ మార్పు ఖాతాలో రాయమని నేను చెప్పను. గండ్లు పూడ్చనివాళ్ళకూ, వాగులో ఇళ్ళకు పట్టాలిచ్చినవాళ్ళకూ అది మరీ అనువైన సాకు అవుతుంది. కానీ పర్యావరణానికి పైసా ఇవ్వని జనం అని మనల్ని ఎవరైనా అంటే మాత్రం, ఆ బిల్లులు చూపించాలి.

ఎవరిని అడగాలి అన్నది చివరి సంగతి. బందరు రోడ్డు మీద, ఏలూరు రోడ్డు మీద గంటల తరబడి ఆగి ఉండే కారు, ఊళ్ళోకెల్లా ఖరీదైన నేలను ఊరికే వాడుకుంటోంది. అక్కడే నాలుగడుగుల మేర జామకాయల బండి పెట్టుకున్నవాణ్ణి పొద్దున్నే పోలీసు అదిలిస్తాడు. కారుకు గంటకింత అని వసూలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మున్సిపల్ కార్పొరేషన్‌కు ధైర్యం ఉంటే చాలు. ఆ డబ్బు రోడ్ల గుంటల పద్దులో కలిసిపోకుండా, బస్సుల పేరు మీద విడిగా ఖాతా ఉండాలి. ఫ్రాన్స్‌లో 1971 నుంచి యాజమాన్యాలు జీతాల మీద రవాణా పన్ను కడుతున్నాయి, తమ పనివాళ్ళను వేళకు తెచ్చే బస్సులకు. మన దగ్గర బెంజ్ సర్కిల్ చుట్టూ ఉన్న మాల్సు, కార్పొరేట్ ఆసుపత్రులు, కాలేజీలు ఆ మాత్రం ఇచ్చుకోలేవని నేను నమ్మను.

కాబట్టి అధికారులు ఈ సభలో ఎవరైనా ఉంటే, నా విన్నపం ఇది. ఊరంతా వద్దు, ఒక్క రూటు తీసుకోండి. గొల్లపూడి నుంచి భవానీపురం, బస్టాండు మీదుగా బెంజ్ సర్కిల్. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పది నిమిషాలకొక బస్సు. పోయి రావడానికి ట్రాఫిక్‌తో కలిపి రెండు గంటలు పట్టినా పన్నెండు బస్సులు చాలు, మీకు కేటాయించిన వందలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఏడాది పాటు ఒక్క ట్రిప్పు ఎగ్గొట్టకుండా నడపండి. లోటు పడితే పార్కింగ్ ఫీజు నుంచి పూడ్చండి. ఏడాది తిరిగాక ప్రశ్నాపత్రం తీసుకుని ఇదే హాలుకు రండి. టికెట్ రేటు ఎంత పెంచదలచుకున్నారో దాని మీద అచ్చువేసి మరీ తీసుకురండి. అవునో కాదో ఇక్కడివాళ్ళే మీ ముఖాన చెప్తారు.